అకీబా రూబిన్‌స్టైన్

అకీబా రూబిన్‌స్టైన్ (1880 – 1961) పోలండు దేశానికి చెందిన సుప్రసిద్ధ చదరంగ క్రీడాకారుడు, గ్రాండ్‌మాస్టర్. ఇరవయ్యవ శతాబ్దపు తొలి మూడు దశాబ్దాలలో ప్రపంచంలోని అత్యుత్తమ క్రీడాకారులలో ఒకడిగా నిలిచాడు. 1912లో ఒకే ఏడాదిలో వరుసగా ఐదు పోటీలలో ప్రథమ స్థానం పొందాడు. చదరంగపు అంత్యదశను, ముఖ్యంగా ఏనుగులు మాత్రమే మిగిలిన ఆటను, ఆయనంత నిర్దుష్టంగా ఆడినవారు అరుదు. ఇంత ప్రతిభ ఉండి కూడా ఆయనకు ప్రపంచ విజేత బిరుదు కోసం ఒక్కసారైనా పోటీపడే అవకాశం రాలేదు. అందుకే చదరంగ చరిత్రకారులు ఆయనను "కిరీటం లేని రాజు"గా పేర్కొంటారు. ఆ అవకాశం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు వెదికితే ఆ కాలంలో ప్రపంచ విజేత పోటీలు ఎలా జరిగేవో కూడా అర్థమవుతుంది.

బాల్యం, చదువు

రూబిన్‌స్టైన్ స్తావిస్కి అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. పాత పుస్తకాలలో ఆయన జన్మ సంవత్సరం 1882 అని ఉంటుంది. తరువాతి పరిశోధకులు దానిని సవరించి 1880 డిసెంబరు 1 అని నిర్ణయించారు. ఆనాటికి ప్రపంచ పటంలో పోలండు అనే స్వతంత్ర దేశం లేదు. స్తావిస్కి ఉన్న ప్రాంతం రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. అందువలన ఆయన తొలి విజయాలలో కొన్ని "అఖిల రష్యా" పోటీలలో సాధించినవిగా కనిపిస్తాయి. 1918లో పోలండు మళ్ళీ స్వతంత్రమైన తరువాతనే ఆయన పోలండు జట్టు తరఫున ఆడగలిగాడు.

కుటుంబ సభ్యులు ఆయనను యూదు మతాచార్యుని చేయాలనుకున్నారు. అందుకు తగినట్లే బాల్యమంతా మతగ్రంథాల అధ్యయనంలో గడిచింది. చదరంగం నేర్చుకున్నది కౌమారంలో. మేటి క్రీడాకారులలో చాలామంది ఐదారేళ్ళ వయసుకే పావులు కదపడం మొదలుపెడతారు కనుక ఇది ఆలస్యమనే చెప్పాలి. తరువాత ఆయన వూజ్ నగరం చేరాడు (ఈ పేరును పాత తెలుగు పుస్తకాలలో లోడ్జ్ అని రాస్తారు). నేత మిల్లులకు ప్రసిద్ధమైన ఆ నగరం అప్పటికే చదరంగానికి కూడా పెద్ద కేంద్రం. అక్కడి మేటి ఆటగాడు సాల్వేతో ఎన్నో ఆటలు ఆడి తన విద్యకు పదును పెట్టుకున్నాడు.

1903లో కీవ్‌లో జరిగిన అఖిల రష్యా పోటీలో ఐదవ స్థానం పొందడంతో మతవిద్యను విడిచి చదరంగాన్నే వృత్తిగా స్వీకరించాడు. ఆ రోజులలో చదరంగంతో జీవించడమంటే పోటీల బహుమతులు, ప్రదర్శన క్రీడలకు ముట్టే కొద్దిపాటి రుసుము తప్ప వేరే ఆధారం లేకపోవడమే. ఈ విషయాన్ని గుర్తుంచుకుంటే ఆయన తరువాతి జీవితం బాగా బోధపడుతుంది.

ఉన్నతి (1905 – 1911)

1905లో జర్మనీలోని బార్మెన్ పోటీతో విదేశాలలో పేరు వచ్చింది. 1907లో కార్ల్స్‌బాద్‌లో (నేటి చెక్ దేశంలోని కార్లోవీ వారీ) ఇరవై ఒక్క మంది తలపడిన పెద్ద పోటీలో 20 ఆటలకు 15 పాయింట్లు సాధించి ప్రథముడయ్యాడు. మరోచి అర పాయింటు తేడాతో రెండవ స్థానంలో నిలిచాడు.

1909లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, దివంగత రష్యన్ క్రీడాకారుడు చిగోరిన్ స్మారకార్థం జరిగిన పోటీలో, అప్పటి ప్రపంచ విజేత ఎమాన్యుయేల్ లాస్కర్ కూడా పాల్గొన్నాడు. లాస్కర్, రూబిన్‌స్టైన్ ఇద్దరూ 18 ఆటలకు 14½ పాయింట్లతో సమానంగా ప్రథమ స్థానంలో నిలిచారు. తరువాతి స్థానంలో ఉన్న దూరాస్, స్పీల్మన్‌లకు 11 పాయింట్లు మాత్రమే వచ్చాయి. అంటే ఈ ఇద్దరికీ తక్కినవారికీ మధ్య మూడున్నర పాయింట్ల అంతరం ఉంది. పైగా వారిద్దరి మధ్య జరిగిన ఆటలో రూబిన్‌స్టైనే గెలిచాడు. ప్రపంచ విజేతతో సమానంగా నిలిచి, ముఖాముఖి ఆటలో ఆయనను ఓడించిన వ్యక్తి సహజంగానే తరువాతి పోటీదారు కావాలి. పత్రికలు కూడా అలాగే రాశాయి.

1911లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో క్యూబా యువకుడు కాపాబ్లాంకా ప్రథముడయ్యాడు. అర పాయింటు వెనుక విద్మార్‌తో కలిసి రూబిన్‌స్టైన్ నిలిచాడు. ఆ పోటీలో కాపాబ్లాంకా ఓడిన ఒకే ఒక ఆట రూబిన్‌స్టైన్ చేతిలోనే. రూబిన్‌స్టైన్ మాత్రం ఒక్క ఆట కూడా ఓడలేదు.

రోట్లేవితో ఆట

1907 డిసెంబరులో వూజ్‌లో రోట్లేవి అనే యువకునితో ఆడిన ఆట చదరంగ సాహిత్యంలో "రూబిన్‌స్టైన్ అమర క్రీడ"గా నిలిచిపోయింది. నల్లపావులు రూబిన్‌స్టైన్‌వి. చదరంగం బల్ల దగ్గర పెట్టుకొని చదివితే ఈ భాగం తేలికగా అర్థమవుతుంది.

ఆట ప్రారంభంలో ఇరుపక్షాల పావులూ దాదాపు అద్దంలో ప్రతిబింబాలవలె ఉంటాయి. అయితే రోట్లేవి మంత్రిని, శకటును అనవసరంగా రెండుసార్లు కదిపి సమయం వృథా చేశాడు. ఫలితంగా పదిహేను ఎత్తులు గడిచేసరికి నల్లపక్షం ముందుకు సాగిపోయింది. రెండు నల్ల శకటులూ బల్లకు అడ్డంగా తెల్లరాజు వైపు గురిపెట్టి ఉన్నాయి. గుర్రం, మంత్రి కూడా రాజు సమీపానికి చేరాయి. ఇరవై రెండవ ఎత్తులో రోట్లేవి బంటును ముందుకు జరిపి నల్లమంత్రిపై దాడి చేశాడు. ఎవరైనా మంత్రిని వెనక్కి తీసుకుంటారు. రూబిన్‌స్టైన్ మంత్రిని అక్కడే వదిలి, వేరొక మూల ఏనుగుతో తెల్లగుర్రాన్ని చంపాడు. రోట్లేవి మంత్రిని తీసుకున్నాడు. వెంటనే రెండవ ఏనుగు కూడా తెల్లమంత్రి పక్క గడిలోకి, చంపడానికి వీలైన చోటికి, వచ్చి నిలిచింది. తెల్లమంత్రి దానిని తీసుకొనక తప్పలేదు. అప్పుడు శకటు రాజుకు షా చెప్పింది. తెల్లమంత్రి అడ్డుపడి అక్కడే కట్టుబడిపోయింది. ఇరవై ఐదవ ఎత్తులో మిగిలిన ఏనుగు రాజు ముందున్న బంటుకు ఎదురుగా, రెండు పక్షాల మధ్య ఖాళీ గడిలో ప్రశాంతంగా వచ్చి కూర్చుంది. తరువాతి ఎత్తుకు మాటు తప్పదని గ్రహించి రోట్లేవి ఓటమి అంగీకరించాడు.

ఈ ఆటలో విద్యార్థులు గమనించవలసినది మంత్రిని బలి ఇవ్వడం కాదు. ఆ బలి ఫలించడానికి కారణం అంతకుముందు పదిహేను ఎత్తులపాటు ఒక్కొక్క పావునూ తగిన గడిలో నిలిపిన ఓర్పు. రోట్లేవి సామాన్యుడు కాడు. 1911 కార్ల్స్‌బాద్‌లో హేమాహేమీల మధ్య నాలుగవ స్థానం పొందాడు. ఆ తరువాత అనారోగ్యంతో ఆటకు దూరమై 1920లో మరణించాడు. నేడు ఆయన పేరు ఈ ఓటమి వల్లనే గుర్తుండిపోవడం విచారకరం.

1912: ఐదు విజయాలు

1912లో రూబిన్‌స్టైన్ సాన్ సెబాస్టియన్, పిష్టియాన్ (నేటి స్లొవేకియాలోని పియెష్టానీ), బ్రెస్లావు (నేటి పోలండులోని వ్రోత్స్వావ్), వార్సా, విల్నియస్‌లలో వరుసగా ప్రథమ స్థానం పొందాడు. బ్రెస్లావులో మాత్రం ఆ స్థానాన్ని దూరాస్‌తో పంచుకున్నాడు. వార్సా పోటీ చిన్నది. కాని తక్కినవి బలమైనవే. లాస్కర్ కాని, కాపాబ్లాంకా కాని ఈ పోటీలలో ఆడలేదని కొందరు ఎత్తిచూపుతారు. అది నిజమే. అయినా ఒకే ఏడాది ఇంత నిలకడగా ఆడిన వ్యక్తి ఆనాటి వరకు కనబడడు.

ప్రపంచ విజేత పోటీ ఎందుకు జరగలేదు?

ఈనాటి విద్యార్థులకు ప్రపంచ విజేత పోటీ అంటే నిర్ణీత కాలానికి, నిర్ణీత నియమాలతో, అర్హత పోటీల ద్వారా జరిగేదిగా తెలుసు. రూబిన్‌స్టైన్ కాలంలో అలా లేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫీడే) 1924లో మాత్రమే ఏర్పడింది. ప్రపంచ విజేత పోటీల నిర్వహణ దాని చేతికి వచ్చింది 1948లో. అంతవరకు బిరుదు ఒక విధంగా విజేత సొంత ఆస్తి. ఎవరితో ఆడాలి, ఎప్పుడు ఆడాలి, ఎంత సొమ్ముకు ఆడాలి అన్నవి ఆయనే నిర్ణయించేవాడు. సొమ్ము సమకూర్చుకోవలసిన బాధ్యత సవాలు చేసినవాడిది.

లాస్కర్ ఈ విషయంలో పట్టుదల గలవాడు. చదరంగ క్రీడాకారులు పేదరికంలో మరణించడం తాను చూశానని, తన శ్రమకు తగిన ప్రతిఫలం కావాలని ఆయన వాదన. అది పూర్తిగా అన్యాయమైన వాదన అనలేము. కాని దాని ఫలితం రూబిన్‌స్టైన్ వంటివారిపై పడింది. ఆయనకు ధనికులైన పోషకులు లేరు. వెనుక నిలబడడానికి స్వతంత్ర దేశమూ లేదు. సభలలో మాట్లాడి చందాలు సేకరించగల స్వభావం అసలే లేదు. 1909 నుండి 1912 వరకు ఆయన శిఖరాగ్రాన ఉన్న నాలుగేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

చివరకు 1914 శరదృతువులో లాస్కర్‌తో పోటీకి ఏర్పాట్లు మొదలయ్యాయి. ఆ ఏడాది వసంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన ప్రసిద్ధ పోటీలో రూబిన్‌స్టైన్ ప్రాథమిక దశను దాటలేకపోయాడు. చివరి దశకు లాస్కర్, కాపాబ్లాంకా, అలెఖిన్, టారాష్, మార్షల్ చేరారు. ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పోటీ ఆగిపోయింది.

"యుద్ధమే ఆయన కిరీటాన్ని లాగుకుంది" అని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఇందులో సగమే నిజం. 1914 నాటి రూబిన్‌స్టైన్ 1912 నాటి రూబిన్‌స్టైన్ కాడని ఆ వసంతపు ఫలితమే చెబుతున్నది. ఆయన గెలిచే అవకాశాలు మెండుగా ఉన్న కాలాన్ని హరించింది ఫిరంగులు కాదు, ఎటువంటి నియమమూ లేని ఆనాటి పద్ధతి. యుద్ధం ఆ పద్ధతి మిగిల్చిన చివరి అవకాశాన్ని కూడా తుడిచివేసింది.

యుద్ధానంతరం

1917లో యూజెనీ లేవ్‌ను వివాహమాడాడు. వారికి యోనాస్, సామీ అని ఇద్దరు కుమారులు. యుద్ధం తరువాత కుటుంబం కొంతకాలం స్వీడన్‌లోను, తరువాత జర్మనీలోను ఉండి, 1926లో బెల్జియంలో స్థిరపడింది.

ఈ కాలంలో ఆయన ఆట ఒక తీరుగా ఉండేది కాదు. 1922లో వియన్నాలో అలెఖిన్ వంటివారిని వెనుకకు నెట్టి ప్రథముడయ్యాడు. 1922–23 హేస్టింగ్స్ పోటీలోనూ గెలిచాడు. 1925లో మారియన్‌బాద్‌లో నిమ్జోవిచ్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచాడు. అదే ఏడాది మాస్కోలో పట్టిక మధ్యలో మిగిలిపోయాడు.

1921లో లాస్కర్ నుండి బిరుదు గెలుచుకున్న కాపాబ్లాంకా, మరుసటి ఏడాది లండన్‌లో పోటీ నియమావళిని ప్రతిపాదించాడు. దాని ప్రకారం సవాలు చేసేవారు కనీసం 10,000 డాలర్ల నిధి చూపించాలి. నియమాలంటూ వచ్చాయి గాని, రూబిన్‌స్టైన్‌కు తలుపు తెరచుకోలేదు. ఆ మొత్తం ఆయనకు అందనిది. 1927లో అలెఖిన్‌కు అర్జెంటీనా వారి అండ లభించింది. బ్వేనస్ ఐరెస్‌లో ఆడి కాపాబ్లాంకాను ఓడించి విజేత అయ్యాడు. అదే ఏడాది రూబిన్‌స్టైన్ వూజ్‌లో పోలండు జాతీయ విజేత అయ్యాడు.

హాంబర్గ్, 1930

రూబిన్‌స్టైన్ జీవితంలో చివరి పెద్ద వెలుగు 1930 హాంబర్గ్ ఒలింపియాడ్. అప్పటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్ళు. పోలండు జట్టుకు మొదటి బల్లపై ఆడాడు. మొదటి బల్ల అంటే ప్రతి దేశపు అత్యుత్తమ ఆటగాడిని ఎదుర్కోవలసిన చోటు. పదిహేడు ఆటలలో పదమూడు గెలిచి, నాలుగు డ్రా చేసి, ఒక్కటీ ఓడక 15 పాయింట్లు తెచ్చాడు. టార్టకోవర్, ప్షెపియూర్కా, మకార్చిక్, ఫ్రిడ్మన్ తక్కిన బల్లలపై ఆడారు. పోలండుకు స్వర్ణం దక్కింది. ఈ జట్టులోని దావిద్ ప్షెపియూర్కాను పదేళ్ళ తరువాత, 1940లో, వార్సా సమీపంలోని పాల్మిరీలో నాజీలు కాల్చి చంపారు.

1931లో ప్రాగ్ ఒలింపియాడ్‌లో పోలండు రజతం గెలిచింది. భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఇక్కడ ఉంది. బ్రిటన్ తరఫున ఆడిన పంజాబు వాసి మీర్ సుల్తాన్ ఖాన్ ఈ పోటీలో రూబిన్‌స్టైన్‌ను ఓడించాడు. పాశ్చాత్య నియమాల చదరంగాన్ని పెద్దయ్యాక నేర్చిన సుల్తాన్ ఖాన్, ఆలస్యంగా నేర్చి అంత ఎత్తుకు ఎదిగిన రూబిన్‌స్టైన్ ఒకే బల్ల దగ్గర ఎదురుపడడం విశేషమే.

ఆటతీరు

రూబిన్‌స్టైన్ ఆటలో ప్రారంభానికీ, మధ్యదశకూ, అంత్యదశకూ మధ్య అతుకు కనబడదు. మొదటి పది ఎత్తులలో ఎదుటివారి బంట్ల వరుసలో ఒక చిన్న లోపం కలిగించి, నలభయ్యవ ఎత్తులో దాని ఫలం అనుభవించేవాడు.

ఏనుగుల అంత్యదశకు 1909లో స్పీల్మన్‌పై గెలిచిన ఆట మంచి ఉదాహరణ. స్పీల్మన్‌కు రెండు ఒంటరి బంట్లు ఉన్నాయి. ఒంటరి బంటు అంటే పక్క వరుసలలో తోడు బంటు లేనిది. దానిని కాపాడడానికి పెద్ద పావే కావాలి. రూబిన్‌స్టైన్ తన ఏనుగుతో దాడిచేసి, తెల్ల ఏనుగును బంటుకు కావలిగా కట్టిపడేశాడు. ఒక ఏనుగు స్వేచ్ఛగా తిరుగుతున్నది, మరొకటి కాపలా కాస్తున్నది. లెక్కకు పావులు సమానమే అయినా బలం సమానం కాదు. తరువాత తొందరపడకుండా రాజును నడిపించుకుంటూ వచ్చి ఆట ముగించాడు. అదే పోటీలో కోన్‌పై ఆడిన, రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన ఆటను నేటికీ పాఠ్యపుస్తకాలలో చేరుస్తారు.

ప్రారంభ విధానాలలో కూడా ఆయన పేరు తరచుగా వినబడుతుంది. నిమ్జో–ఇండియన్ రక్షణలో తెల్లపక్షం నాలుగవ ఎత్తుగా రాజు ముందరి బంటును ఒక గడి జరపడం, ఫ్రెంచి రక్షణలో నల్లపక్షం మూడవ ఎత్తులోనే మధ్య బంటును మార్చుకోవడం, నాలుగు గుర్రాల ఆటలో నల్లగుర్రం నాలుగవ ఎత్తులో మధ్యకు దూకడం – ఇవన్నీ రూబిన్‌స్టైన్ పేరుతోనే చలామణి అవుతున్నాయి. (నిమ్జో–ఇండియన్ అన్న పేరులోని "ఇండియన్" పందొమ్మిదవ శతాబ్దపు కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ ఆడిన తీరు నుండి వచ్చింది.)

"రూబిన్‌స్టైన్ ఉచ్చు" అని కూడా ఒకటి ఉంది. అది ఆయన పన్నిన ఉచ్చు అనుకుంటే పొరపాటు. ఆయన పడిన ఉచ్చు. 1928లో అయివేతో ఆడినప్పుడు, 1930లో అలెఖిన్‌తో ఆడినప్పుడు, రెండుసార్లూ అందులోనే చిక్కి బంటు పోగొట్టుకున్నాడు.

అనారోగ్యం, చివరి రోజులు

రూబిన్‌స్టైన్ స్వతహాగా బిడియస్తుడు, మృదుభాషి. వయసు పెరిగినకొద్దీ మనుషుల మధ్య ఉండడమంటే భయం పట్టుకుంది. తన ఎత్తు వేసి లేచి వెళ్ళి, హాలులో ఒక మూల నిలబడి, ఎదుటివారు ఎత్తు వేసేవరకు అక్కడే ఉండేవాడని సమకాలికులు రాశారు. అపరిచితులు తలుపు తడితే కిటికీ దూకి వెళ్ళేవాడని, లేని ఈగను తోలుకునేవాడని చెప్పే కథలు కూడా ప్రచారంలో ఉన్నాయి. ఇటువంటివి చేతులు మారినకొద్దీ పెరుగుతాయి కనుక వాటిని జాగ్రత్తగా స్వీకరించాలి. రోగిగా ఉన్న మనిషి బాధను వినోద కథగా చెప్పుకోవడం కూడా సమంజసం కాదు.

1932 నుండి ఆయన పోటీలకు రాలేదు. మరుసటి ఏడాది హాన్స్ క్మోహ్ ఆయన నూరు ఉత్తమ క్రీడలను వ్యాఖ్యానంతో జర్మన్ భాషలో ప్రచురించాడు. బెల్జియం నాజీల ఆక్రమణలో ఉన్న కాలంలో రూబిన్‌స్టైన్ మానసిక చికిత్సాలయంలో ఆశ్రయం పొంది ప్రాణాలతో బయటపడ్డాడు. యుద్ధం తరువాత కూడా చదరంగాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. బెల్జియం క్రీడాకారుడు ఓకెలీ ఆయన వద్ద పాఠాలు నేర్చుకొని తరువాత గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

1950లో ఫీడే మొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదును అధికారికంగా ఇరవై ఏడు మందికి ఇచ్చింది. ఆ జాబితాలో రూబిన్‌స్టైన్ పేరు ఉంది. ఆయన పోటీలు మానివేసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు దాటింది. అదే సంవత్సరం బుడాపెస్ట్‌లో, ప్రపంచ విజేతను సవాలు చేసే వ్యక్తిని ఆటద్వారా ఎంపికచేసే మొదటి అభ్యర్థుల పోటీ కూడా జరిగింది. 1954లో భార్య మరణించిన తరువాత రూబిన్‌స్టైన్ వృద్ధాశ్రమంలో గడిపాడు. 1961 మార్చిలో ఆంట్వెర్ప్ నగరంలో మరణించాడు.

స్మృతి

పోలండులోని పోలానిత్సా-జ్ద్రూయ్ అనే ఆరోగ్య విహార పట్టణంలో 1963 నుండి రూబిన్‌స్టైన్ స్మారక పోటీలు నిర్వహిస్తూ వచ్చారు. 2012లో మాస్కోలో విశ్వనాథన్ ఆనంద్‌తో ప్రపంచ విజేత పోటీ ఆడిన బోరిస్ గెల్ఫాండ్, తనను అందరికన్న ఎక్కువగా ప్రభావితం చేసిన ఆటగాడు రూబిన్‌స్టైన్ అని పలుమార్లు చెప్పాడు. బాల్యంలో ఆయన ఆటల పుస్తకాన్ని చదివి పెరిగానని కూడా పేర్కొన్నాడు. ఆనాటి పోటీలో ఆనంద్‌కు సహాయకులుగా పనిచేసిన బృందంలో పోలండు గ్రాండ్‌మాస్టర్ రదోస్వావ్ వోయ్తాషెక్ ఒకరు.